నాలుగున్నర బతుకమ్మ

ఆలస్యంగా వచ్చిన విద్యార్థినులను గేటు బయట నిలబెట్టిన చెయ్యి నాది. బాలికల జూనియర్ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నన్నాళ్లూ, గంట మోగిన తరువాత లోపలికి రావడానికి ఎవరికీ అనుమతి ఉండేది కాదు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారిని సైతం మా వాచ్‌మన్ నా ఆజ్ఞ ప్రకారం ఆపివేశాడు, ఆ తరువాతి సంజాయిషీ నేనే రాసుకున్నాను. ఉద్యోగ విరమణ పొందిన నాటినుంచి ఈ క్రమశిక్షణను ప్రయోగించడానికి నాకు మిగిలినవాళ్లు ఇద్దరే: నా భర్త, నేను. ఆయన బొగ్గుగనిలో ఒక షిఫ్టు మనుషులను నడిపించిన ఓవర్‌మన్. మంచిర్యాల దగ్గర, గనుల పక్కన పుట్టి గనులతోనే పెరిగిన ఊళ్లో, కంపెనీ క్వార్టర్ల వెనుక కట్టుకున్న చిన్న ఇంట్లో మేముంటాం. భూమి అడుగునుంచి ప్రతిరోజూ ప్రాణాలతో బయటపడిన మనిషికి నా టైంటేబుల్ నుంచి బయటపడడం ఏమంత కష్టం కాలేదు. ఇక మిగిలింది నేను ఒక్కదాన్నే. ఆ ఒక్క విద్యార్థిని ఎంత మొండిదో నాకు ఆలస్యంగా తెలిసింది.

కథంతా మోకాళ్ల దగ్గర మొదలైంది. నిరుడు పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు, కమ్యూనిటీ హాలు ముందున్న మైదానంలో బతుకమ్మలన్నీ నడుమ పెట్టి మా కాలనీ ఆడవాళ్లు చుట్టూ చేరారు. నేనూ చేరబోయాను. అంతలో ఎవరో పరుగున వెళ్లి ఒక ఎర్రని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. దానిమీద ఉతికిన తువ్వాలు కూడా పరిచారు. "మీరు కూసోండ్రి మేడం, మేం ఆడుతం గద" అని నలుగురూ నన్ను అందులో ప్రతిష్ఠించారు. వెక్కిరించి ఉంటే జవాబు చెప్పి ఉండేదాన్ని. గౌరవానికి జవాబు ఎక్కడ దొరుకుతుంది? నడక నేర్చిన వయసునుంచీ ఆ వలయంలో తిరిగిన మనిషిని. ఆనాడు మొదటిసారి ఆ ఆటను బయటినుంచి చూశాను. బయటినుంచి చూస్తే బతుకమ్మ ఆట అంటే వీపుల వరుస. వచ్చే ఏడు ఆ వీపుల్లో నా వీపు కూడా ఉండాలని, కుర్చీలో కూర్చునే, పళ్లు బిగించి నిశ్చయించుకున్నాను.

ఆ నిశ్చయంతోనే కరీంనగర్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన మోకాళ్ల ఫోటోలను వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు. తరువాత నన్ను తూకం మీద నిలబెట్టి దానికంటె ఎక్కువసేపు చూశాడు.

"మేడం, రాత్రి అన్నం ఎన్ని గంటలకు తింటరు?"

"ఏడున్నరకు. ఒక్క నిమిషం అటూ ఇటూ జరగదు," అన్నాను గర్వంగా.

పక్కన కూర్చున్న నా భర్త గొంతు సవరించుకున్నారు. "సారు ఏ అన్నం సంగతి అడుగుతుండు? మొదటిదా, రెండోదా?"

డాక్టరు కలం కింద పెట్టాడు. "రెండోది గూడ ఉన్నదా?"

"ఉన్నది సారు. అందరు పండుకున్నంక ఉంటది. జర పచ్చిపులుసు, జర పెరుగు, మిగిలిన అన్నం, మీదికెళ్లి మామిడికాయ తొక్కు. ఒక్కోనాడు సకినాలు గూడ ఉంటయి, డబ్బా మూత చప్పుడైతది."

"అది భోజనం కాదు," అన్నాను. "తోడుకు తినడం."

"ఎవలకు తోడు మేడం?" అన్నాడు డాక్టరు, నిజంగానే తెలుసుకోవాలని.

ఈ ప్రశ్నకు గని ఊళ్లో పుట్టని మనిషికి జవాబు చెప్పడం కష్టం. రెండో షిఫ్టు మనిషి గనినుంచి పైకి వచ్చి, స్నానం చేసి, ఒంటినుంచి బొగ్గు వదిలించుకుని పీట మీద కూర్చునేసరికి ఊరు నిద్రపోతుంటుంది. అన్ని గంటలు మట్టికింద ఉండి వచ్చినవాణ్ణి ఒంటరిగా తిననివ్వకూడదని మా క్వార్టర్లలో ఆడవాళ్ల నియమం. ముందే తిన్నా సరే, ఇంటావిడ తన కంచంలోనూ రెండు ముద్దలు పెట్టుకుని ఎదురుగా కూర్చుంటుంది. ఇది ఎవరు పెట్టిన నియమమో తెలియదు కాని, నేను పెట్టిన నియమాలన్నిటికంటె బాగా అమలైంది. పగలంతా కాలపాలన గురించి ఉపన్యాసాలిచ్చి, ఏడున్నరకు కొలత ప్రకారం భోంచేసిన నేను, ఆయన వచ్చేసరికి మళ్లీ కంచం ముందు ఉండేదాన్ని. ఆ రెండో అన్నాన్ని నేను ఎన్నడూ అన్నంగా లెక్కించలేదు. విధి నిర్వహణగా లెక్కించాను. విధి నిర్వహణ వల్ల ఒళ్లు వస్తుందని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

చిక్కేమిటంటే, ఆయన ఉద్యోగం ముగిసింది. తొమ్మిది కొట్టకముందే నిద్రపోవడం మొదలుపెట్టారు. ఆయన ఆకలి కూడా ఆయనతోపాటు విరమణ తీసుకుంది. నా ఆకలి మాత్రం ఇంకా రెండో షిఫ్టులోనే ఉండిపోయింది. తోడు కావలసిన మనిషి పక్కగదిలో గురక పెడుతుంటే, ఏళ్ల తరబడి, నేను ఆ గురకకు తోడుగా తింటూ వచ్చాను.

ఈ వివరణ అంతా విని డాక్టరు నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు చూశాడు. "మేడం, ఆపరేషన్ ముచ్చట తర్వాత జూద్దాం. ముందుగాల బరువు దిగాలె. ఏం తింటున్నరో గదాన్ని కొన్నొద్దులు పక్కన పెడుదాం, ఎప్పుడు తింటున్నరో గది సక్కజేద్దాం. పొద్దుగూకినంక వంటింట్లకు పోకుండ్రి. ఇంకా కాళ్ల కసరత్తు రాసిస్త, తప్పకుండ్రి."

వేళను సరిదిద్దడం! నాకు ఇంతకంటె ఇష్టమైన మందు ఏ వైద్యుడూ ఇవ్వలేదు. తిరుగు ప్రయాణంలో పెద్దపల్లి దగ్గర బస్సు ఆగగానే నా భర్త దిగి వెళ్లి మిర్చి బజ్జీల పొట్లంతో వచ్చారు. నేను కళ్లెర్రజేశాను. ఆయన బజ్జీతోనే పడమర వైపు చూపించి, "పొద్దింక గూకలే గదనే," అన్నారు. నిబంధనల్లో సందు వెతకడం నా విద్యార్థినులకంటె ఆయనకే బాగా వచ్చు. ఆ సందులోంచి నేనూ రెండు బజ్జీలు తిన్నాను.

మరునాడే టైంటేబుల్ తయారైంది. రాత్రి భోజనం అనే పదాన్ని రద్దు చేసి 'సాయం భోజనం' అని పేరు పెట్టి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ఆరు గంటలకు ఫోన్‌లో గంట, అన్నం, ఆ తరువాత వంటింటి దీపం ఆర్పివేయబడును. మొదటి రోజు ఆ గంటకు నా భర్త కంచం ముందు కూర్చుని గోడగడియారాన్నీ, కిటికీలోంచి ఇంకా తెల్లగా ఉన్న ఆకాశాన్నీ మార్చి మార్చి చూశారు.

"ఆరింటికి అన్నం దవాఖానల పెడుతరే," అన్నారు.

"క్రమశిక్షణ అలవాటు చేసుకోవాలి."

"మా గని సైరను గూడ గింత పక్కాగ మోగకపోవు. నీ గంటకు నేను బేజారైత."

ఒక తూకం పలక కూడా తెప్పించాను. వారానికొకసారి ఇద్దరం దానిమీద నిలబడాలని నియమం. ఆయన రెండో వారమే ఎదురు తిరిగారు: "నన్నెందుకు తూస్తవే, నేనేమన్న బొగ్గు టబ్బునా?" ఆయన్ను వదిలేశాను. ఆయన మొదటినుంచీ సన్నని మనిషే. తూచినందుకు సరిదిద్దవలసింది ఏమీ లేకపోవడం నాకు కొంత అసంతృప్తిని కూడా కలిగించింది.

నెల తిరిగేసరికి నా బరువు పెరిగింది.

ఇది గణితానికి విరుద్ధమని మొదట తూకాన్ని అనుమానించాను. దాన్ని వంటింట్లో ఒకచోట, వరండాలో ఒకచోట, చివరికి పూజగదిలో కూడా పెట్టి చూశాను. దేవుడి ఎదుట కూడా అది అదే మాట చెప్పింది. తరువాత మెల్లగా అర్థమైంది. రాత్రంతా ఆకలితో ఉండవలసి వస్తుందన్న భయంతో ఆరు గంటలకే నేను రెండు భోజనాలూ కలిపి తింటున్నాను, కరువు వస్తుందని తెలిసిన రైతు గాదె నింపుకున్నట్టు. అంతటితో ఆగిందా? రాత్రి పాల గిన్నె మీద మూత పెట్టానో లేదో అనే సందేహం నాకు కొత్తగా పుట్టింది. చూసి రావడానికి లేచేదాన్ని. దీపం వేయకూడదు కనుక చీకట్లోనే చూసేదాన్ని. చీకట్లో మూత సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి మీగడ రుచి చూడడం తప్ప వేరే మార్గం ఉండేది కాదు. ఒకరోజు పొద్దున్నే టీ తాగుతూ నా భర్త, నావైపు చూడకుండా, "నువ్వు పాలను జూస్తున్నవా, పాలు నిన్ను జూస్తున్నయా?" అని అడిగారు. నేను పత్రికలో సంపాదకీయం చదువుతున్నట్టు నటించాను.

నా ఉద్యోగ జీవితంలో ఇంత బాహాటంగా కాపీ కొట్టిన విద్యార్థిని మరొకరు దొరకలేదు. కాబట్టి నియమాలు మార్చాను. మధ్యాహ్నం అన్నాన్ని సరిగా తిన్నాను, ఆరింటికి ఒక జొన్నరొట్టె, కూర, పలుచని మజ్జిగ. ఫ్రిజ్‌లోని మీగడను ఆయన పేరున రాసిచ్చాను. వానలు పడే రోజులకు, పక్కగదిలోని గురక నా కడుపును పిలవడం మానివేసింది. తూకం సూది, అయిష్టంగానే, ఎడమవైపు కొంచెం జరగడానికి ఒప్పుకుంది. అంతకంటె ముఖ్యమైనది, మెట్లు దిగేటప్పుడు కటకటమనే మోకాళ్లు ఇప్పుడు మర్యాదగా గొణుగుతున్నాయి. వరండాలో ఎవరూ లేనప్పుడు, చీర కొంగు నడుముకు దోపి, చప్పట్లు కొడుతూ రెండు చుట్లు తిరిగి చూసుకున్నాను. వీధిలో పోతున్న కూరగాయల బండివాడు చూసి, "అమ్మా, దోమలున్నయా?" అని అడిగాడు. ఉన్నాయని చెప్పాను.

ఇంతలో బతుకమ్మ రోజులు దగ్గరపడ్డాయి. అప్పుడు తట్టింది, ఇన్నాళ్లూ నేను ఆలోచించని ప్రమాదం. ఈ పండుగకు ఒక్కో రోజుకు ఒక్కో తిండి. అటుకులు ఒకనాడు, ముద్దపప్పు ఒకనాడు, నానబియ్యం, అట్లు, వేపకాయల ఆకారంలో నూనెలో వేయించిన పిండివంట, వెన్నముద్దలు, చివరికి సద్దులు అనే కలిపిన అన్నాలు. ఒక్క ఆరో నాడే, బతుకమ్మ అలిగిందని, ఆటా లేదు ప్రసాదమూ లేదు. తక్కిన రోజుల్లో చీకటిపడి, ఆట ముగిసి, బతుకమ్మలను వాగులో వదిలిన తరువాతనే చేతుల్లో పెడతారు. అంటే రాత్రిపూట తినడానికి తరతరాలుగా తయారైన టైంటేబుల్ ఇది, నా టైంటేబుల్ కంటె పాతది, అంతకంటె కచ్చితమైనది. ఇన్ని నెలలు నా ఆకలిని కట్టివేసిన నేను, ఈ తొమ్మిది రోజుల్లో దాన్ని మళ్లీ రెండో షిఫ్టుకు పంపాలా? పంపితే మోకాళ్లు ఏమైపోవాలి?

పరిష్కారం నాకు వెంటనే దొరికింది. తినే వేళ మారదంటే ఆడే వేళను మార్చాలి. కాలనీ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన చేశాను: "సోదరీమణులకు విజ్ఞప్తి. ఆరోగ్య కారణాల దృష్ట్యా ఈ సంవత్సరం బతుకమ్మ ఆట సాయంత్రం సరిగ్గా నాలుగున్నర గంటలకు ప్రారంభమై, సూర్యాస్తమయానికి ముందే ప్రసాద వితరణతో ముగియును. సమయపాలన పాటించవలెనని మనవి." నిమిషాల్లో జవాబులు వచ్చాయి. అందరూ జోడించిన చేతుల బొమ్మ పెట్టారు. ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదు. ఈ తరానికి క్రమశిక్షణ లేదనేవాళ్లకు చూపించాలని ఆ జవాబులను చాలాసార్లు చూసుకున్నాను.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు, తంగేడూ గునుగూ బంతీ పేర్చిన నా చిన్న బతుకమ్మను రెండు చేతులా పట్టుకుని, నాలుగున్నరకు సరిగ్గా మైదానంలో నిలబడ్డాను. ఎండ పడమరకు వాలి, నేరుగా కళ్లలోకి కొడుతోంది. మైదానం ఖాళీగా ఉంది. వస్తారు, మొదటిరోజు కదా అని అనుకున్నాను. పది నిమిషాలకు ఒక మేక వచ్చింది. నా ప్రకటనను కాలనీ మొత్తంలో పాటించిన ప్రాణి అది ఒక్కటే. అది నన్ను పరిశీలనగా చూసి, నేను బతుకమ్మను నేల మీద పెట్టగానే, వెనుక వైపు గునుగు పూలనుంచి ప్రసాద వితరణ ప్రారంభించింది.

దాన్ని అదిలిస్తుంటే ఎదురు ఇంట్లోంచి ఒకామె చేతికి పిండి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ఆమె ఒకప్పుడు నా విద్యార్థిని. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాళ్ల ఇంటి పిల్ల, ఇక్కడి గని మనిషిని చేసుకుని మా కాలనీకి వచ్చింది. గేటు బయట చాలాసార్లు నిలబడిన పిల్ల కూడా.

"అయ్యో మేడం! గింత ఎండల ఒక్కలే ఏం జేస్తున్నరు?"

"నేనొక్కదాన్నే ఎందుకున్నానో మీరందరూ చెప్పాలి. గ్రూపులో అందరూ ఒప్పుకున్నారు కదా?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "దండం పెట్టినం మేడం. ఒప్పుకోలే."

"అంటే?"

"మీకు కాదు అని ఎవలు చెప్తరు? అందుకే దండం పెట్టినం. మొదటి షిఫ్టు ఇప్పుడే గనిలకెళ్లి పైకెక్కింది మేడం. మనిషి ఇంటికి రాంగనె నీళ్లు తోడియ్యాలె, ఏడేడి అన్నం పెట్టాలె, మల్ల గాయన పండుకోవాలె. పిల్లలు ట్యూషన్‌కెళ్లి వచ్చేటాళ్లకు ఏడు దాటుతది. నాలుగున్నరకు బతుకమ్మ ఆడేది ఎవలు? గిది మీకు మాకంటె ఎక్కువ ఎరుకనే గద?"

ఎరుకనే. ఎన్నో ఏళ్లు, మొదటి షిఫ్టు వారాల్లో, కళాశాలనుంచి పరుగున వచ్చి పొయ్యి మీద నీళ్లు పెట్టింది ఇదే గంటకు. ఆయన గని వదిలారు; గని ఊళ్లోనే ఉన్నా నేనూ దాని వేళలను వదిలేశాను. మేక మళ్లీ రావడంతో ఆ సంభాషణ నాకు అనుకూలంగా ముగిసింది.

ఏడున్నరకు అందరూ వచ్చారు. సగం మేసిన నా బతుకమ్మను చూసి వెనుకనుంచి ఎవరో అన్నారు: "అటుకుల బతుకమ్మ ఇన్నం, అట్ల బతుకమ్మ ఇన్నం. గీ నాలుగున్నర బతుకమ్మ ఏందే?"

"మేకల బతుకమ్మ," అంది ఇంకో గొంతు.

మైదానమంతా నవ్వింది. నేను హాలులోంచి కుర్చీ స్వయంగా తెచ్చుకుని, నిరసనగా కూర్చున్నాను. ఆట ముగిసి నువ్వులూ బెల్లమూ పంచుతుంటే చెయ్యి చాపలేదు. "సూర్యాస్తమయం అయింది. నేను ఏమీ తీసుకోను," అన్నాను. ఇవ్వబోయిన ఆమె చెయ్యి కాసేపు గాలిలో ఆగి, పక్కకు వెళ్లింది. రెండో నాడూ అదే మాట చెప్పాను.

మూడో నాడు ముద్దపప్పు గిన్నె నా దగ్గరికి వచ్చేసరికి, ముందు వరసలోని ఒక అమ్మాయి ఎంతో వినయంగా, "మేడంకు పెట్టకుండ్రి, మేడం తినరు," అంది. నాలుగో నాడు ఆ మాట చెప్పవలసిన అవసరం కూడా ఎవరికీ కలగలేదు. నానబియ్యం నాకు ఎడమవైపున్న ఆమెనుంచి కుడివైపున్న ఆమెకు నా ఒడిమీదుగానే వెళ్లింది. ఆనాడు ఆటలో చేరాలని లేచాను కూడా. ఒకామె నా భుజం మీద మెత్తగా చెయ్యి వేసి, "మీకెందుకు తకలీఫ్ మేడం, కూసోండ్రి," అంటూ మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది. నిరుడు ఆటలోంచే తీశారు. ఈ ఏడు తిండిలోంచి కూడా తీసేశారు, అదీ నేను రాసిచ్చిన ఆజ్ఞ ప్రకారం. ఎదురుగా పూలు, పక్కన దీపం, నడుమ కదలని నేను. మెడలో ఒక దండ వేసి ఉంటే గోడకు తగిలించడమే తరువాయి.

ఐదో నాడు అట్ల వాసన గురించి నేను రాయదలచుకోలేదు.

ఆరో నాడు బతుకమ్మ అలిగే రోజు. నేను మధ్యాహ్నం అన్నం వడ్డించి, కూర గిన్నెను కొంచెం చప్పుడుగానే పెట్టాను.

"ఏమైందే? మాట్లాడవైతివి," అన్నారు నా భర్త.

"ఏముంది మాట్లాడడానికి? ఈ ఏడు నా కాళ్లు తిరుగుతాయి. తిరిగే చోటు లేదు. వలయంలోంచి నన్ను తొలగించారు."

"ఎవలు తొలిగిచ్చిన్రు? గేటు నువ్వే బంద్ జేస్తివి. లోపట ఉన్న అనుకున్నవు, జూసుకుంటె బయట ఉన్నవు."

"నేను ఆరోగ్యం కోసం నియమం పెట్టుకున్నాను. అందరికీ మేలని వేళ మార్చాను. అందులో తప్పేమిటి?"

"తప్పని ఎవలన్నరు? బతుకమ్మ అలిగితె ఒక్కనాడె అలుగుతది. రేపు మల్ల వస్తది. నువ్వెన్నొద్దులు అలుగుతవు?"

"నేనెందుకు అలుగుత? నాకేం పని లేదా?"

ఆయన ముద్ద ఆపి నావైపు చూశారు. "అగో, భాష మారింది. అయితె నిజంగనె అలిగినవు."

నా ఇంట్లో నేను ఎప్పుడూ నోటీసుబోర్డు తెలుగే మాట్లాడతాను. కోపం ముదిరితే మాత్రం పుట్టిన ఊరు నోట్లోకి వచ్చేస్తుంది. ఆ ఒక్క రహస్యం ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన మళ్లీ తినడం మొదలుపెట్టారు. నేను ఆయన ఎదుట కూర్చుని, ఆకలి లేకపోయినా లేచిపోలేక, చాలాసేపు ఆయన తినడం చూశాను. తోడుకు తినడమంటే ఏమిటో డాక్టరుకు అంత వివరంగా చెప్పిన మనిషిని, నువ్వులు పట్టుకొచ్చిన చేతిని గాలిలో ఆపేశానే అని అప్పుడు సిగ్గు వేసింది.

కానీ సిగ్గుపడి ఊరుకోవడం నా పద్ధతి కాదు. ఏ పొరపాటునైనా ఉత్తర్వు ద్వారానే సరిదిద్దాలి. ఏటా కొన్ని స్థానిక సెలవులు ప్రకటించే అధికారం ప్రిన్సిపాలుకు ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ అధికారాన్ని నేను పిసినారిలా వాడాను. ఆ సాయంత్రం గ్రూపులో రాశాను: "నాలుగున్నర గంటల ప్రకటన రద్దు. ఆట మీ వేళకే. సద్దుల బతుకమ్మ నాడు నా టైంటేబుల్‌కు స్థానిక సెలవు."

ఈసారి జోడించిన చేతులు ఒక్కటీ రాలేదు. ముందు ఒక నవ్వుమొహం వచ్చింది. ఆ వెనుకనే ఎదురింటి ఆమె: "మేడం, అయితె మలీద మీరు తెస్తరా? నిరుడు మా అత్త చేసింది గట్టిగైంది."

నాకు పని అప్పగించారు! ఆ ఒక్క వాక్యాన్ని, నిజాయితీగా చెబుతున్నాను, మునుపటి దండాలన్నిటికంటె ఎక్కువసార్లు చదువుకున్నాను.

తరువాతి రెండు రోజులూ మైదానానికి వెళ్లలేదు. పరీక్షకు ముందు పిల్లలు నిద్రను దాచుకున్నట్టు మోకాళ్లను దాచుకున్నాను. సద్దుల నాడు మధ్యాహ్నమే తక్కువగా తిన్నాను. ఆరు గంటలకు ఫోన్ మోగితే ఆపివేసి, రొట్టెలను వేడివేడిగా నలిపి, బెల్లమూ నెయ్యీ కలిపి మలీద ముద్దలు కట్టాను. ఒక్క ముద్ద కూడా రుచి చూడలేదు. ఇది నా జీవితంలోని అత్యున్నత క్రమశిక్షణ అని నేను భావిస్తున్నాను. దానికి సాక్షి లేకపోవడం విచారకరం.

ఎదురింటి ఆమె తోడు వచ్చింది. "మేడం, కుర్చీ తెప్పియ్యాల్నా?"

"వద్దు."

"నడుమల పడితె?"

"పట్టుకో."

"నేను పట్టుకుంటె ఇద్దరం పడుతం మేడం," అంది, నన్ను ఆపాదమస్తకం కొలిచి. కళాశాలలో ఉండి ఉంటే ఈ మాటకు ఆమె తండ్రిని పిలిపించేదాన్ని.

వలయంలోకి వెళ్లాను. పాట అందుకున్నారు. వంగి చప్పట్లు, ఒక అడుగు, లేచి చప్పట్లు, ఒక అడుగు. మొదటి చుట్టు బాగానే జరిగింది. రెండో చుట్టులో కుడి మోకాలు తన అభిప్రాయం చెప్పింది. నేను విననట్టు తిరిగాను. నాకూ నా ముందున్న ఆమెకూ మధ్య ఖాళీ పెరగడం మొదలైంది. నా వెనుక మాత్రం, రద్దీ బస్సులో లాగ, మనుషులు ఒకరినొకరు ఆనుకుంటున్నారు. పాట పాడే ఆమె గమనించి రాగాన్ని కొంచెం సాగదీసింది. అయినా చాలలేదు.

"మేడం, జర జరుగుండ్రి! ఎనుక బొగ్గు లారీలన్ని ఆగినయి!"

ఎవరన్నారో తెలియదు. వలయమంతా పగలబడి నవ్వింది. పాట తెగిపోయింది. వంగి ఉన్న నేను కూడా, ప్రార్థన సమయంలో నవ్వినవాళ్లను బెంచీ ఎక్కించిన నేను, లేవలేనంతగా నవ్వాను. నవ్వితే మోకాళ్లు పట్టు తప్పుతాయని ఏ డాక్టరూ నన్ను హెచ్చరించలేదు. ఒకవైపు ఎదురింటి ఆమె, ఇంకోవైపు ముద్దపప్పు నాడు "మేడం తినరు" అన్న అమ్మాయి, మోచేతులు పట్టి నిలబెట్టారు. "నడువుండ్రి నడువుండ్రి, ఆగొద్దు, ఆగితె మల్ల లేవరు," అంటూ నెట్టారు. పాట మళ్లీ అందుకున్నారు. అలా నెట్టించుకుంటూ, నవ్వుకుంటూ, పాట ముగిసేదాకా తిరిగాను. ఒక్క అడుగూ అందంగా పడలేదు. ఒక్క అడుగూ తప్పిపోలేదు.

వాగులో బతుకమ్మలను వదిలి, గట్టున అందరూ నేల మీద కూర్చున్నారు. కుర్చీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నేను నిలబడి ఉన్నానని కూడా ఎవరూ గమనించలేదు. ఎదురింటి ఆమె ఎవరితోనో మాట్లాడుతూనే నా చీర కొంగు పట్టి కిందికి లాగింది. మోకాళ్లు మడతపడ్డాయి, ఎలా మడతపడ్డాయో నాకు ఇప్పటికీ తెలియదు. నేల చల్లగా ఉంది. నువ్వుల సద్ది ఎడమవైపునుంచి వచ్చింది. ఇచ్చే ఆమె నన్ను అడగలేదు, నా ముఖం కూడా చూడలేదు. అరచేతిలో పెట్టి ముందుకు సాగిపోయింది. పెరుగన్నం వచ్చింది. పులిహోర వచ్చింది. నా మలీద నా దగ్గరికే తిరిగి వచ్చింది, మెత్తగా కుదిరింది.

"ఇగ లేద్దాం మేడం, చాలాసేపైంది," అంది ఎదురింటి ఆమె.

లేవడానికి ప్రయత్నించాను. కుడికాలు ఒప్పుకుంది, ఎడమకాలు ఒప్పుకోలేదు. రెండోసారి ఎడమది ఒప్పుకుంది, కుడిది మనసు మార్చుకుంది. ఇద్దరు వచ్చి లేపబోయి, చాలక, ఇంకో ఇద్దరిని కేక వేశారు. వాళ్లు వాగులో పసుపు చేతులు కడుక్కుంటున్నారు, వచ్చేసరికి కొంత ఆలస్యమయ్యేట్టు ఉంది.

"అందాక ఆ నువ్వుల సద్ది ఇటియ్యుండ్రి," అన్నాను.

"అగో, మేడం మనలెక్కనె మాట్లాడుతుంది!" అని ఎవరో అన్నారు. గిన్నె ఒడిలోకి వచ్చింది.